టికెన్ జా ఫకోలీ: సరిహద్దులను నిలదీసిన రెగే

రెగే సంగీతం అనగానే అందరూ అది పుట్టిన జమైకా రాజధాని కింగ్‌స్టన్ వైపు, గ్రామీ పురస్కారాల జాబితాల వైపు చూస్తారు. జమైకా రెగేను యునెస్కో 2018లో మానవాళి వారసత్వ సంపదగా గుర్తించడం సంతోషించదగిన విషయమే. అయితే పాలకులకు ఇప్పటికీ కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న రెగే కావాలంటే పశ్చిమాఫ్రికా దేశం ఐవరీ కోస్ట్ గాయకుడు టికెన్ జా ఫకోలీని వినాలి. ఈ తరంలో ఆ సంగీతానికి అసలైన వారసుడు ఆయనే.

1968లో ఉత్తరాది పట్టణం ఒడియెన్నేలో పుట్టిన ఫకోలీ, అసలు సిసలు ఐవరీ పౌరులెవరన్న విషపు వాదన దేశాన్ని చీలుస్తున్న కాలంలో పాటందుకున్నారు. మతం పేరిట, ప్రాంతం పేరిట మనుషులను విడదీస్తున్నారని 2002 నాటి 'ఫ్రాన్సాఫ్రిక్' ఆల్బంలో హెచ్చరించారు. అదే ఏడాది సెప్టెంబరులో అంతర్యుద్ధం మొదలైంది. బెదిరింపుల కారణంగా ఆయన మాలి రాజధాని బమాకోకు వెళ్లి తలదాచుకోవలసి వచ్చింది. 2007 డిసెంబరులో సెనెగల్ రాజధాని డాకర్ వేదికపై నిలబడి, దేశం మీద ప్రేమ ఉంటే గద్దె దిగమని అధ్యక్షుడు అబ్దులాయ్ వాద్‌ను కోరినందుకు ఆ దేశం ఆయన రాకను నిషేధించింది. 2010 దాకా ఆ నిషేధం తొలగలేదు. 2015లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్ర రాజధాని కిన్షాసా విమానాశ్రయం నుంచే వెనక్కి పంపేశారు. సైన్యమూ పోలీసులూ చేతిలో ఉన్న ప్రభుత్వాలు ఒక పాటగాడికి ఇంతగా జంకాయంటే, ఆ పాట ప్రభావానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఆయన పాటలు ఉపన్యాసాల్లా ఉంటాయనీ, సంగీతంలో కొత్తదనం తక్కువనీ విమర్శ ఉంది. మాట సూటిగా ఉంటుందన్నది నిజమే. కానీ నాలుగు దెబ్బల తాళంలో మూడో దెబ్బ మీద బరువుగా పడే రెగే లయను చెదరనివ్వకుండా దానిపై పశ్చిమాఫ్రికా వాద్యాలైన కోరా తీగలనూ, చెక్క పలకల బలాఫోన్‌నూ పలికించడం, బడి ముఖం చూడనివారికీ అర్థమయ్యే ఫ్రెంచిలో, సంతల్లో వినబడే జూలా భాషలో పాడటం సామాన్యమైన పని కాదు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది, సరిహద్దులు తెరవండని 2007లో ఆయన పాడిన పాట. ఎండాకాలమూ చలికాలమూ అనకుండా మీరు ఏటా వస్తారు, మేము ఆదరిస్తాం, మరి మా ముఖం మీద తలుపెందుకు వేస్తారని యూరప్‌ను అడుగుతారాయన. ఇది జాలి కోరే గొంతు కాదు, లెక్క అడిగే గొంతు. ప్రపంచంలో అత్యధికంగా కోకో పండించేది ఐవరీ కోస్ట్. ఆ గింజలు అబిజాన్, సాన్ పెద్రో రేవుల్లో ఓడలెక్కి యూరప్ చాక్లెట్ కర్మాగారాలకు చేరుతాయి. వాటిని పండించిన రైతు కొడుకు అదే యూరప్‌కు వెళ్లాలంటే వీసా దొరకదు; ఎడారి దాటి, మధ్యధరా సముద్రంలో గాలి పడవ ఎక్కాలి. సరుకుకున్న స్వేచ్ఛ మనిషికి లేని ఈ ఏర్పాటును వాణిజ్య విధానమని పిలుస్తూ మర్యాదగా చర్చించడం ఇకనైనా మానాలి. ఫకోలీ కచేరీలకు చప్పట్లు కొట్టే పారిస్ శ్రోతలు ఓటర్లు కూడా. ఆ పాటలోని ప్రశ్నను తమ పార్లమెంటు సభ్యుల ముందు పెట్టవలసింది వారే.