చర్మం కింద చిప్ పెడితే కీమో అక్కర్లేదా?

"రొమ్ము క్యాన్సర్‌కి ఇక కీమో అక్కర్లేదు, చర్మం కింద చిప్ పెడితే క్యాన్సర్ కణాలన్నీ అందులో చిక్కుకుంటాయి, ఇక ఎక్కడికీ పాకదు, హైదరాబాద్‌కి కూడా వచ్చేసింది, డాక్టర్లే చెప్పట్లేదు" అని ఒక మెసేజ్ మా కూకట్‌పల్లి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కీమో మధ్యలో ఉన్న మా పిన్ని అది చదివి, వచ్చే డోసు ఆపేద్దామా అంది. అందుకే రాస్తున్నా.

కణాలు చిక్కుకుంటాయన్న మాటకి ఆధారం ఉంది. అమెరికాలో లోనీ షియా అనే పరిశోధకుడి బృందం 2015లో ఈ ప్రయోగాన్ని ప్రచురించింది. వాళ్లు వాడింది చిప్ కాదు, సన్నని రంధ్రాలున్న పాలిమర్ ముక్క, ఆపరేషన్ కుట్లలో కరిగిపోయే దారం లాంటి పదార్థమే. లోపల పెట్టగానే రోగనిరోధక కణాలు దాని చుట్టూ చేరతాయి, శరీరంలో తిరుగుతున్న క్యాన్సర్ కణాలు వాటి సంకేతాలకు ఆకర్షితమై అక్కడికి వస్తాయి, దాంతో ఊపిరితిత్తులకు చేరే కణాలు తగ్గాయి. తగ్గాయి, ఆగలేదు. అదీ ఎలుకల్లో! పైగా అసలు గడ్డని తీసేసే పని ఆ ముక్కది కానే కాదు. వ్యాప్తిని ముందే పసిగట్టడానికి పనికొస్తుందా అన్నది ఆ పరిశోధకుల ముఖ్యమైన ఆశల్లో ఒకటి.

కీమో అక్కర్లేదన్నది మాత్రం పూర్తిగా తప్పు. లోపల పెట్టే మందులకే ఒక ఉదాహరణ చూడండి: మెదడు గడ్డలకి గ్లయాడెల్ అనే బిళ్లలున్నాయి, అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది. సర్జన్ గడ్డ తీశాక ఆ ఖాళీలో 8 దాకా పెడతారు. వాటిలో ఉండేది కార్ముస్టీన్, అంటే కీమో మందే! కొత్తగా గడ్డ బయటపడినవాళ్ల మీద చేసిన ట్రయల్‌లో సగం మంది రోగులు బతికి ఉన్న కాలం (మీడియన్) 11.6 నెలల నుంచి 13.9 నెలలకి పెరిగింది. ఆ రెండు నెలలూ విలువైనవే, కానీ అది నయం కావడం కాదు.

"మా చుట్టాలకి పెట్టారు" అంటున్నవాళ్లు చాలావరకు చూసింది కీమో పోర్ట్ అయ్యుంటుంది. ఛాతీ దగ్గర చర్మం కింద ఉంటుంది, కీమో ఎక్కించడానికే పెడతారు. లేదంటే పొట్ట చర్మం కింద పెట్టే గోసెరెలిన్, అది కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లలో హార్మోన్లని అణిచే మందు. రెండూ కణాలని పట్టవు.

డాక్టర్లు దాస్తున్నారంటారా? మన దేశంలో 2009 నుంచి మనుషులపై చేసే ట్రయల్స్‌ని సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్టర్‌లో నమోదు చేయాల్సిందే, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. చిప్ పెడతామని ఎవరైనా డబ్బు అడిగితే ముందు ఆ నమోదు నంబరు అడగండి.

కీమో భరించలేకపోతుంటే మానేయకండి, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అయినా ఇంకెక్కడైనా మీకు వైద్యం చేస్తున్న డాక్టర్‌కే చెప్పండి. వాంతులకి మంచి మందులున్నాయి, అవసరమైతే డోసు కూడా మారుస్తారు.