ఎక్సెల్‌లో పేరు పెట్టాల్సింది రేటుకు, కనిపించిన ప్రతి సెల్‌కూ కాదు

2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఫార్ములాల్లో 0.28 అని నేరుగా కొట్టి పెట్టుకున్న ఫైళ్ల సంగతి చూడండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో 0.28 తీసి 0.18 పెడితే, ఎక్కడో 340.28 అని ఉన్న ధర కూడా చప్పుడు లేకుండా 340.18 అయిపోతుంది. ఎర్రర్ రాదు, ఎర్ర గీత పడదు. లెక్క మాత్రం తప్పుతుంది.

అందుకే గట్టిగా చెప్తున్నా: రేటు అనేది ఫార్ములాలో ఉండకూడదు. ఒక సెల్‌లో ఉండాలి, ఆ సెల్‌కు పేరుండాలి. ఫార్ములాలో $హెచ్$2 అని సెల్ చిరునామా చూస్తే ఏమీ తెలియదు, సిమెంట్_జీఎస్టీ అని ఉంటే ఫైలు కొత్తగా చేతికొచ్చినవాళ్లకు కూడా తెలుస్తుంది.

పెట్టడం తేలికే. సెల్ ఎంచుకుని, ఫార్ములా బార్‌కు ఎడమవైపున్న నేమ్ బాక్స్‌లో పేరు కొట్టి ఎంటర్ నొక్కాలి. ఎంటర్ కొట్టకుండా వేరే చోట క్లిక్ చేస్తే పేరు పడదు. ఖాళీలు పనికిరావు, అండర్‌స్కోర్ వాడండి. చాలామంది తడబడేది ఇంకోచోట. జీఎస్టీ18 అని ఇంగ్లీషులో పేరు పెట్టబోతే కర్సర్ వెళ్లి ఎక్కడో కుడివైపున, 5,246వ కాలమ్‌లో, 18వ వరుసలో కూర్చుంటుంది. ఎక్సెల్ 2007 నుంచి షీటుకు 16,384 కాలమ్‌లున్నాయి, ఇంగ్లీషులో ఆ మూడక్షరాలూ వాటిలో ఒకదాని పేరే. టీడీఎస్10 అన్నా ఇదే గతి. మధ్యలో అండర్‌స్కోర్ పెడితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ సెల్‌లో 28 తీసి 18 పెట్టారనుకోండి, ఆగస్టు బిల్లులు కూడా 18 శాతానికి మారిపోతాయి! కాబట్టి తేదీతో మారే రేటుకు ఒక్క సెల్ చాలదు, చిన్న పట్టిక కావాలి. ఒక కాలమ్‌లో అమల్లోకి వచ్చిన తేదీ, పక్కన శాతం: 2017 జులై 1కి 28, 2025 సెప్టెంబర్ 22కి 18. ఆ రెండు కాలమ్‌లకు రేటు_తేదీ, రేటు_శాతం అని పేర్లిచ్చి, తేదీకి తగిన రేటును పట్టికలోంచి వెతికి తెచ్చే లుకప్ ఫంక్షన్‌కు బిల్లు తేదీ, రేటు_తేదీ, రేటు_శాతం ఇదే వరుసలో అందించండి. తేదీలు పాతవి పైన, కొత్తవి కింద ఉండి తీరాలి. లేదంటే తప్పు రేటు వస్తుంది.

ఆ పట్టికను ముందు కంట్రోల్ టీ నొక్కి టేబుల్‌గా మార్చి, తర్వాతే పేరు పెట్టండి. మామూలు రేంజ్‌కు, అంటే టేబుల్‌గా మార్చని సెల్‌ల గుంపుకు పేరిస్తే మధ్యలో చేర్చిన వరుసను అది కలుపుకుంటుంది కానీ, చివర కింద రాసినదాన్ని పట్టించుకోదు. టేబుల్ కాలమ్‌కు ఇచ్చిన పేరైతే టేబుల్‌తో పాటే పెరుగుతుంది. డ్రాప్‌డౌన్ లిస్టులకూ ఇదే మంచి దారి, ఎందుకంటే ఆ లిస్టులను తయారుచేసే డేటా వ్యాలిడేషన్ టేబుల్ కాలమ్‌ను నేరుగా తీసుకోదు, పేరు ద్వారా ఇస్తే తీసుకుంటుంది.

రేట్లను నెలవారీ షీట్లలో మాత్రం పెట్టొద్దు. ఏప్రిల్ షీటులోనే రేటు ఉండి, ఆ షీటును కాపీ చేసి మే షీటు తయారుచేస్తే, అదే పేరుతో మే షీటుకు మాత్రమే చెల్లే ఇంకో పేరు పుడుతుంది. ఆపైన ఏప్రిల్‌లో రేటు మార్చినా మే కదలదు. పేరు ఒకటే కాబట్టి ఫార్ములా చూసి కనిపెట్టలేరు. రేట్లన్నీ విడిగా ఒక షీటులో ఉంటే ఈ గొడవ రాదు. అనుమానం వస్తే కంట్రోల్ ఎఫ్3 నొక్కండి, నేమ్ మేనేజర్ వస్తుంది. అందులో స్కోప్ కాలమ్, అంటే పేరు ఎక్కడ చెల్లుతుందో చెప్పే చోట, వర్క్‌బుక్ అని ఉండాలి. షీటు పేరుంటే దొంగ దొరికినట్టే. స్కోప్‌ను అక్కడ మార్చడం కుదరదు, తీసేసి మళ్లీ పెట్టుకోవాలి.

ఇక ఒక్క ఫార్ములాలో ఒక్కసారి వాడే సెల్‌కూ, వరుస వరుసకూ మారే పరిమాణం, ధర లాంటివాటికీ పేర్లు పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆపండి. నేమ్ మేనేజర్‌లో 200 పేర్లు పేరుకుంటే, వాటిలో ఏది వాడుకలో ఉందో తేల్చడానికి ఆ ఫైలు తర్వాత అందుకున్న మనిషి ఒక పూట కూర్చోవాలి.