ఈడు దాచని ప్రేమకథ రావాలి

నలభై దాటిన స్త్రీనీ పాతికేళ్ల యువకుణ్నీ, లేదా యాభై దాటిన పురుషుణ్నీ అతని కూతురి ఈడు యువతినీ జంటగా చూపే ప్రేమకథ తెర మీదికి వస్తున్నదంటే చాలు, చూడకముందే తీర్పులు మొదలవుతాయి. ఇది మన పద్ధతి కాదన్న మాట అందరికంటే ముందు వినిపిస్తుంది. ఆ మాటతో మేము ఏకీభవించడం లేదు. అక్క బిడ్డను మేనమామకు ఇచ్చే ఆనవాయితీ ఉన్న వరంగల్, కరీంనగర్ పల్లెల్లో, అక్క బిడ్డకూ మేనమామకూ మధ్య పది పన్నెండేళ్ల ఎడాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. నిషిద్ధ సంబంధాల్లో పెళ్లి కూడదన్న 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. భార్య పోయిన నడివయసు మనిషికి పేదింటి పిల్లను చూసి రెండో సంబంధం కుదిర్చిన పెద్దలూ మన మధ్యనే ఉన్నారు. పెద్దలు కుదిర్చినప్పుడు కనిపించని ఎడం, ఇద్దరూ తామై కోరుకున్నప్పుడు మాత్రం తప్పుగా తోస్తున్నది.

స్త్రీ పెద్దదైతే ఆ తప్పు రెట్టింపవుతుంది. భర్త పోయిన ఆడబిడ్డకు మారుమనువు చేసే ఆచారం తెలంగాణలో అనేక కులాల్లో ఏనాటి నుంచో ఉన్నది. అయినా తనకంటే చిన్నవాడు ఆమెను ఇష్టపడ్డాడంటే ఊరు ఇప్పటికీ ఓర్వదు.

అరవై ఏళ్ల కథానాయకుడి పక్కన పాతికేళ్ల నాయికను నిలబెట్టి, ఇద్దరిదీ ఒకే ఈడన్నట్టు పాటలు తీసే సినిమాలనేమో మనం పండుగపూట కుటుంబంతో చూసి వస్తున్నాము. ఎడాన్ని దాచిపెట్టే ఆ కథలకంటే, దాన్ని ఒప్పుకొని చర్చకు పెట్టే కథ వేయి రెట్లు నిజాయితీ గలది.

అయితే ఒప్పుకోవడంతోనే బాధ్యత తీరదు. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నది, జీతం ఎవరిది, వద్దనుకున్ననాడు ఎవరికి దారి మిగులుతుంది అన్నవి ఇలాంటి కథకు ప్రాణం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఊళ్ల నుంచి ఆడపిల్లలు చదువుకోవడానికి హనుమకొండకు వస్తారు. తన సిద్ధాంత గ్రంథం మీద సంతకం పెట్టవలసిన ఆచార్యుణ్ని ఒక విద్యార్థిని ప్రేమించిందని చూపే రచయిత, ఆమె కాదంటే ఆ చదువు ఏమయ్యేదో కూడా చెప్పి తీరాలి. సంపాదనపరులైన ఇద్దరు పెద్దవాళ్ల ప్రేమ వేరు, ఇది వేరు. ఇక పద్దెనిమిదేళ్లు నిండని పిల్లతో నడిపేది ప్రేమకథే కాదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం దృష్టిలో ఆ ఈడు పిల్లతో లైంగిక సంబంధం నేరం.

మన దర్శకులకు మరొక అలవాటున్నది. చివరి ఘట్టంలో ఇద్దరిలో ఒకరిని చంపడమో, త్యాగం పేరిట విదేశానికి పంపడమో చేసి చిక్కుముడిని తెంపేస్తారు. ఆ జంట మరో పదిహేనేళ్లు కలిసి బతికితే ఒకరి మోకాళ్ల నొప్పులు, మరొకరి ఉద్యోగ బదిలీలు, మొదటి పెళ్లి పిల్లలు, ఆస్తి పంపకాలు ఎదురవుతాయి. అసలైన కథ అక్కడ ఉన్నది.

నలభై దాటిన నటికి తల్లి, వదిన పాత్రలు తప్ప రాయని రచయితలు ఆమెను ప్రేమకు అర్హురాలైన మనిషిగా రాయాలని, అలాంటి చిత్రాన్ని వరంగల్, కరీంనగర్ థియేటర్లు మొదటి వారంలోనే ఎత్తివేయకుండా నాలుగు ఆటలూ ఆడనివ్వాలని కోరుతున్నాము.