చుక్కకూ గీతకూ మధ్య

తిరుమల దర్శనానికి భక్తులు ఆశ్రయించే వెబ్‌సైట్ చిరునామా 2023లో ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. ఆ ఏడాది ఏప్రిల్‌లో టీటీడీ బయటపెట్టిన నకిలీ సైట్ పేరులో ‘గవ్’ దాకా అక్షరాలన్నీ అవే. చుక్కలు ఉండాల్సిన చోట అడ్డగీతలు పెట్టి, చివరి ‘ఇన్’ను ‘ఆర్గ్’ చేశారు. ఫోన్ తెర మీద ఆ తేడా కంటికి ఆనేది కాదు. దేవస్థానం లెక్క ప్రకారం అలాంటి నకిలీల్లో అది నలభై ఒకటోది. మరుసటి ఏడాది జనవరిలో టీటీడీయే తన చిరునామా మార్చుకుంది. భక్తులు కంఠతా పట్టిన పేరును ఇలా మార్చడం నకిలీలకు ఇంకో సందు చూపినట్టేనన్న అనుమానం మాకుంది.

మోసగాళ్లకు ఇలాంటి పేర్లు ఇంత తేలిగ్గా ఎలా దొరుకుతున్నాయి? డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, నమోదు చేసే రిజిస్ట్రార్ చూసేది ఒక్కటే: సరిగ్గా ఆ అక్షరాల వరుసను ఇంకెవరైనా తీసుకున్నారా లేదా అని. ఒక్క గీత ఎక్కువున్నా అది కొత్త పేరే, ముందు డబ్బు కట్టినవారిదే. ట్రేడ్‌మార్క్ చట్టం మాత్రం సామాన్య కొనుగోలుదారు ఆ పేరు విని, చూసి పొరబడతాడా అని ఆరా తీస్తుంది. పైగా ట్రేడ్‌మార్కులో సరుకును బట్టి తరగతులు ఉన్నాయి గనుక పచ్చళ్ల ‘లక్ష్మి’, బట్టల ‘లక్ష్మి’, ఇనుప సామాన్ల ‘లక్ష్మి’ ఒకే బజారులో ఇరుగుపొరుగుగా బతికేయగలవు. ‘డాట్ కామ్’ దగ్గర ప్రపంచం మొత్తానికీ ఉన్నది ఒక్క లక్ష్మే.

ఈ చిక్కును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థే. సత్యం ఇన్ఫోవే తన పేరులోని ముక్కలు కలిపి ‘సిఫీ’ అనే మాటను పుట్టించి, 1999లో దానితో డొమైన్లు నమోదు చేసుకుంది. రెండేళ్లకు మరో సంస్థ ‘ఎఫ్’ను రెట్టించి ‘సిఫ్ఫీనెట్’ పేరుతో వ్యాపారం మొదలుపెట్టింది. తమ అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని తొలి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చిందని వాదించింది. ఆ పేరు వాడకంపై బెంగళూరు సివిల్ కోర్టు ఇచ్చిన నిషేధాన్ని కర్ణాటక హైకోర్టు కొట్టేయగా, 2004 మే 6న సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించింది. ఒకరి సరుకును మరొకరిదిగా చలామణీ చేయకుండా అడ్డుకునే పాత న్యాయసూత్రమే డొమైన్ పేర్లకూ వర్తిస్తుందని తేల్చింది. ఈ తగాదాల పరిష్కారానికి నేరుగా వర్తించే చట్టం దేశంలో లేదని కూడా అప్పుడే చెప్పింది. అమెరికా 1999లోనే ఇందుకు ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. మన పార్లమెంటు మాత్రం ఆ ఖాళీని పూడ్చలేదు.

కోర్టుకు పోకుండా మధ్యవర్తిత్వం మార్గం ఉంది. ‘డాట్ కామ్’ వంటి పేర్లకు అంతర్జాతీయ విధానం, ‘డాట్ ఇన్’ పేర్లకు వాటిని నిర్వహించే మన దేశ సంస్థ నిక్సీ విధానం అమల్లో ఉన్నాయి. మొదటిదానిలో దురుద్దేశంతో నమోదు చేసి, అదే ఉద్దేశంతో వాడుతున్నారని కూడా రుజువు చేయాలి. మన విధానంలో రెండింటిలో ఏదో ఒకటి చాలు, ఇది మెచ్చదగిన సంగతి. కానీ అంతర్జాతీయ విధానం కింద ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వద్ద ఒక్క పేరుపై ఫిర్యాదుకు ఏకసభ్య విచారణకే 1,500 డాలర్లు కట్టాలి. గెలిస్తే పేరు చేతికొస్తుంది, పోయిన గిరాకీకి పరిహారం దక్కదు. నకిలీ పేరు కొన్నవాడికి ఏడాదికి అయ్యేది చాలాసార్లు వెయ్యి రూపాయలలోపే.

తెలుగు వ్యాపారికి ఇంకో బాధ ఉంది. ‘సత్య’ అని తెలుగులో రాసే తీరు ఒక్కటే. ఇంగ్లిష్‌లో ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టేవారున్నారు, పెట్టనివారున్నారు. ‘లక్ష్మి’లో ‘క్ష’కు ఒకరు ‘కేఎస్‌హెచ్’ రాస్తే మరొకరు ‘ఎక్స్’తో సరిపెడతారు. వీటన్నిటినీ ముందే కొనిపెట్టుకునే స్తోమత పూతరేకులు అమ్మే కుటుంబానికి ఎక్కడిది?

అందుకే భారం పేరు అమ్మేవారి మీద కూడా పడాలని మేము కోరుతున్నాం. అడిగిన పేరు ఖాళీ లేదనగానే రిజిస్ట్రార్ల సైట్లే దానికి దగ్గరి పేర్లను, కొన్నిటిని భారీ ధరకు, ఎదుట పెడుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ స్నాప్‌డీల్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ వ్యాపారాన్ని తప్పుపట్టింది. ఇలా ప్రత్యామ్నాయాలు చూపి లాభం తీసేవారు తాము మధ్యవర్తులమేనని, ఇతరులు చేసినదానికి బాధ్యులం కామని అంటూ చట్ట రక్షణ పొందలేరని చెప్పింది. అయినా ఆ పేరుతో రాబోయే డొమైన్లన్నిటినీ ముందే నిషేధించడానికి ఒప్పుకోలేదు. ఆ జాగ్రత్త సబబే. ఇంటిపేరుతోనో ఊరిపేరుతోనో నిజాయతీగా సైట్ పెట్టుకున్న చిన్నవాడిని పెద్ద కంపెనీ నోటీసులతో బెదరగొట్టడం కూడా చూస్తూనే ఉన్నాం.

నమోదైన ట్రేడ్‌మార్కుల పట్టిక ప్రభుత్వం దగ్గర ఉంది, ‘డాట్ ఇన్’ నిర్వహణ నిక్సీ చేతిలో ఉంది. ఆ రెండింటినీ కలిపి, దగ్గరి పేరు అడిగినవారికి హెచ్చరిక, హక్కుదారుకు సమాచారం అదే రోజు వెళ్లే ఏర్పాటును ముందుగా ‘డాట్ ఇన్’తో మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వ సేవలనూ దేవాలయాలనూ పోలిన పేర్లను పరిశీలన పూర్తయ్యేదాకా ఆపి ఉంచడానికి పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా ఆగనక్కర్లేదు.