తెల్ల ఫిల్లింగ్ పచ్చబడితే డాక్టర్ మోసం చేసినట్టేనా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది: "పంటికి పెట్టిన తెల్ల సిమెంట్ ఏడాదిలో పచ్చబడిందంటే నాసిరకం సరుకు వాడినట్టే. రంగు మారితే లోపల పుచ్చినట్టే, వెంటనే తీయించండి. నిమ్మరసం, వంటసోడా రుద్దితే తెల్లబడుతుంది." రోజూ ఆ ఫిల్లింగులే పెట్టేవాణ్ని, ఊరుకోలేకపోయాను.

నాసిరకం సరుకా? అందరూ సిమెంట్ అంటారు గానీ, అది కాంపోజిట్. రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురులో సన్నటి గాజుపొడి కలిపిన ముద్ద. నీలి లైటు కొడితే గట్టిపడుతుంది. 1962లో అమెరికన్ దంత పరిశోధకుడు రాఫెల్ బోవెన్ పేటెంట్ పొందిన బిస్-జీఎంఏ అనే రెజిన్ ఇప్పటికీ చాలా బ్రాండ్లలో ఉంది. ఎంత ఖరీదైన రెజిన్ అయినా నోట్లోని తడిని కాస్త పీల్చుకుంటుంది, దాంతోపాటే కాఫీ రంగూ, పసుపూ లోపలికి దిగుతాయి. పసుపు మరీ మొండిది. పులిహోర మరక పడ్డ చొక్కాని ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది, నోట్లో ఎండెక్కడిది? పైగా లైటుకు స్పందించడానికి కలిపే క్యాంఫర్‌క్వినోన్ స్వతహాగా పసుపు రంగుది. దానికి తోడుగా వేసే అమైన్లనే రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడతాయి.

అలాగని డాక్టర్ తప్పు ఉండదనను. మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేసి, ఒక్కోదానికి లైటు కొట్టాలి. తొందరపడితే అడుగున సరిగా గట్టిపడదు, రంగు త్వరగా పడుతుంది. పాలిష్ సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నదే. ప్రాక్టీసు కొత్తల్లో ఒకావిడ ముందుపన్నుకి ఫిల్లింగ్ పెట్టి, ఆకారం కోసం అదిమిన ప్లాస్టిక్ స్ట్రిప్ తీస్తే అద్దంలా మెరిసింది. ఇంక పాలిష్ ఎందుకులే అని పంపేశాను. ఆరు నెలలకి టీ రంగులో తిరిగొచ్చింది! ఆ మెరుపంతా పైన తేలిన రెజిన్ పొరది, మరక ముందు పట్టేది దానికే.

ఇక పుచ్చు. రంగు ఎక్కడ మారిందో చూడాలి. ఫిల్లింగ్ పైనంతా సమానంగా పచ్చబడితే చాలాసార్లు అది పైమరకే, డిస్కుతో పాలిష్ చేస్తే చాలావరకు పోతుంది. అంచున దారంలా గోధుమరంగు గీత కనిపిస్తే పుచ్చు కావచ్చు, కాకపోనూవచ్చు. లోపలినుంచి బూడిదరంగు నీడ కనబడినా, అక్కడ పన్ను మెత్తబడినా ఎక్స్‌రే తీయాల్సిందే. ఊరికే తీసి మళ్లీ పెట్టించుకోవద్దు, తీసిన ప్రతిసారీ కాస్త మంచి పన్నూ పోతుంది.

నిమ్మరసం మాత్రం వద్దే వద్దు. పులుపును కొలిచే పీహెచ్ (ఎంత తక్కువైతే అంత పులుపు) 5.5 కంటే తగ్గితే పంటి గట్టి పైపొర ఎనామెల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. ఆ మాటకొస్తే క్లినిక్‌లో చేసే బ్లీచింగ్ కూడా పన్నునే తెల్లగా చేస్తుంది గానీ ఫిల్లింగ్ షేడ్‌ని పెద్దగా మార్చలేదు. పళ్లు తెల్లబడ్డాక పాత ఫిల్లింగ్ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే రెండూ చేయించుకోవాలనుకుంటే ముందు బ్లీచింగ్, ఓ రెండు వారాలు ఆగి, ఆ తెలుపుకి సరిపోయే షేడ్‌తో ఫిల్లింగ్.