చేదబాయి పంచుకోలేదు

ఇక్కడ పరాయి దేశంలో తెలంగాణ, ఆంధ్ర సంఘాలు కలిసి చేసిన మొన్నటి దసరా సంబరాల్లో మా అమ్మ పాట మధ్యలోనే ఆగిపోయింది. హనుమకొండ నుంచి ఆర్నెల్ల కోసం వచ్చిన అమ్మ, ఇక్కడ తంగేడు, గునుగు దొరక్క బంతులు, చామంతులు కొని తెప్పించి, పొద్దంతా కూర్చుని బతుకమ్మను పేర్చింది. పైన పసుపు గౌరమ్మను పెట్టి, ఆడవాళ్లంతా చుట్టూ చేరి మూడో పాట ఎత్తుకున్నారో లేదో, మైకులో "పది నిమిషాల్లో ముగించండమ్మా, డాన్స్ పోటీ పిల్లలు వెయిట్ చేస్తున్నారు" అన్నారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. అమ్మ చప్పట్లకు లేపిన చేతులు దించుకుంది. "పద్మాక్షి గుండం కాడ చీకటి పడేదాకా ఆడుతం గదా బిడ్డా" అంది. కారులో ఇల్లు చేరేదాకా మళ్లీ మాట్లాడలేదు.

ఆ వారమే రెండు సంఘాలనూ ఒకటి చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. రాష్ట్రాలు రెండైనా ఇక్కడ కలిసుందాం అనే మాటలో ప్రేమ ఉంది. హాలు అద్దె కలిసొస్తుంది, తెలుగు బడికి టీచర్లు దొరుకుతారు. పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అని తగువు పడతామే గానీ, ఆయన పద్యాలు ఇద్దరమూ నోటికి నేర్చుకున్నవాళ్లమే. కానీ 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసేటప్పుడూ తెలంగాణకు అన్యాయం జరగనివ్వమని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నాం. అది అమలు కాలేదన్న బాధే 1969లో మా వరంగల్ పిల్లలనూ రోడ్డెక్కించింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చేదాకా ఆ బాధ తీరలేదు. మళ్లీ కలుద్దామనేవాళ్లు ముందు మా యాస విని నవ్వడం మానాలి. మా తప్పూ ఉంది. సంక్రాంతి గొబ్బెమ్మలకు పిలిస్తే "అది వాళ్ల పండుగ" అని వెళ్లని ఇళ్లున్నాయి. మాదీ అందులో ఒకటి.

మా బాపు, పెద్దబాపు వేరుపడ్డప్పుడు ఇంటి మధ్య గోడ లేచింది. చేదబాయిని మాత్రం పంచుకోలేదు, గోడను దాని దగ్గర ఆపేశారు. అమ్మకూ పెద్దమ్మకూ నెలల తరబడి మాటల్లేవు. అయినా పొద్దున్నే ఇద్దరూ అదే గిలక మీద నీళ్లు చేదుకునేవారు. ఒకరోజు తాడు తెగి పెద్దమ్మ బొక్కెన బాయిలో పడింది. బాయిలో పడ్డవాటిని పైకి తీసే కొక్కేల పాతాళగరిగె తెచ్చింది అమ్మ. ఇద్దరూ వంగి వెతుకుతూ వెతుకుతూ మాట కలిపారు.

సంఘాలు రెండుగానే ఉండనివ్వండి. తెలుగు బడి ఒక్కటే పెడదాం. సద్దుల బతుకమ్మ సాయంత్రం మరో కార్యక్రమం పెట్టకండి, గొబ్బెమ్మలకు మేమూ వస్తాం. వచ్చే ఏడు అమ్మ మళ్లీ వస్తానంటోంది. మీ ఇంటి ఆడవాళ్లను తీసుకుని రండి. సత్తుపిండి, మలీద అందరికీ సరిపోయేంత చేస్తాం.