రెండో చెయ్యి ఖాళీ లేదు

విజయనగరం పౌరుడికి రెండు చేతులున్నా ఆత్మరక్షణకు దొరికేది ఒక్కటే. పాలకులు ఈ సంగతి ఇంతవరకూ పట్టించుకోలేదు. రైతుబజారు నుంచి వచ్చేవాడి ఎడం చేతిలో కూరల సంచీ. బండి మీద పోయేవాడి ఎడం చెయ్యి సెల్లుతో చెవికి అతుక్కుని ఉంటుంది. సాయంత్రం అరుగు మీద నిలబడ్డ పెద్దమనిషి ఎడం చేత్తో లుంగీ అంచు పట్టుకుని ఉంటాడు. అది వదిలితే ప్రాణం కంటే ముందు పరువు పోతుంది. కాబట్టి పిస్తోలు కాల్చడం నేర్చుకుంటే ఒంటిచేత్తోనే నేర్చుకోవాలని మా బావ తేల్చేశాడు.

బావ ఈమధ్యే రిటైరయ్యాడు. శత్రువులెవరూ లేరు. ఆ లోటే ఆయన్ని బాధిస్తోందని నా అనుమానం. దానికి తోడు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్, 51 ఏళ్ల మనిషి, ఓ చెయ్యి జేబులో పెట్టుకుని వెండి పతకం కొట్టడం చూశాడు. "ఆయనకీ కళ్లజోడుంది, నాకూ ఉంది. ఇంకేటి కావాల?" అన్నాడు. లుంగీకి జేబుండదని నేను గుర్తు చెయ్యలేదు. డికెచ్ కాల్చింది ఎయిర్ పిస్టల్ అనీ, అది పెద్దగా వెనక్కి తన్నదనీ కూడా చెప్పలేదు.

అసలు పిస్తోలు తంతుంది. రెండు చేతులు పంచుకోవాల్సిన ఆ తన్ను ఒక్క మణికట్టే కాయాలి. అందుకని పిడి గట్టిగా బిగించి, బొటనవేలు కిందికి మడవాలి. కుడిచేత్తో కాలిస్తే కుడికాలు ముందుకేసి, ఒళ్లు కాస్త ముందుకు వంచాలి. ఖాళీ చేతిని వేలాడనివ్వకుండా పిడికిలి చేసి గుండెకు ఆనించుకోవాలి. ట్రిగ్గర్ లాగేటప్పుడు ఒక్క వేలే కదలాలి. మిగతావి కూడా బిగుసుకున్నాయో, గుండు ఎడం పక్కకీ కిందికీ పోతుంది. మన ఇళ్లలో మనుషుల్లాగే, ఒకడు పని చేస్తుంటే మిగతా వేళ్లు చూస్తూ ఊరుకోలేవు.

దీనికి సాధన ఏమిటంటే, ఖాళీ తుపాకీ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగడం. బావకి తుపాకీ లేదు గనక వంటింట్లోని గ్యాస్ లైటర్ తెచ్చుకున్నాడు. అదీ పిస్తోలు ఆకారంలోదే. వారం రోజులు ఇంటి నిండా టిక్కు టిక్కు. బిళ్ల మంచం కిందికి దొర్లినప్పుడల్లా వంగి తియ్యడం నా పని. ఆత్మరక్షణ ఆయనది, నడుంనొప్పి నాది. "ఆ లైటర్ ఇలగ ఇస్తే టీ పెడతాను. లేదంటే దాన్నే కాల్చుకు తాగండి" అంది అక్క.

ఇక అసలు సరుకు. ఆడవాళ్ల రక్షణ కోసమని 2014లో కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ అరకిలో బరువుంటుంది. అప్పట్లోనే ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. బావ ఇంట్లో దొంగలు కన్నెయ్యదగ్గ వస్తువు ఆ ధరలో ఒక్కటీ లేదు. అంటే దొంగలు రావాలన్నా ముందు రివాల్వర్ కొనాలి. కలెక్టరుకి దరఖాస్తు, ఇంటికి పోలీసు విచారణ, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం శిక్షణ, ఇవన్నీ సరే. తీరా లైసెన్సు వచ్చాక, ఎన్నికల కోడ్ పడితే మామూలుగా ఆయుధం స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. ఊళ్లో తలలు పగిలే రోజుల్లోనే అది ఇంట్లో ఉండదన్నమాట.

తుపాకీ ఎందుకు కావాలో దరఖాస్తులో రాయాలి కదా. బావ మూడు రోజులు ఆలోచించి 'వీధిలో నల్లది' అని రాశాడు. నల్లది అంటే కుక్క. "ఈ మాట కొట్టెయ్ బావా" అన్నాను. ఆయన చరిత్రలోకి వెళ్లిపోయాడు. 1757లో బొబ్బిలి కోటని కూల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులే అయినా, మన విజయనగరం రాజు విజయరామరాజుని గుడారంలో పొడిచిన పాపారాయుడి చేతిలో ఉన్నది బాకే కదా, అదీ ఒంటిచేతి పనే కదా అని. చుట్టూ అంత సైన్యం ఉండి కూడా రాజుగారికి ఆత్మరక్షణ కుదరలేదన్న సంగతి ఆయన చెవికెక్కలేదు.

మొన్న తెల్లారి అయిదున్నరకి పాలకని వెళ్లాం. సందు మలుపులో నల్లది గుర్రుమంది. నేను గోడ పక్కకి జరిగాను. బావ మాత్రం శాస్త్రప్రకారం నిలబడ్డాడు. కుడికాలు ముందుకి, పాల ప్యాకెట్లున్న ఎడం చెయ్యి గుండెకి, కుడి చెయ్యి బారుగా చాచి చూపుడువేలితో గురి. కుక్క ఆ ముందుకేసిన కాలే పట్టుకుంది.

సర్కారు ఆసుపత్రిలో నర్సమ్మ సూది తీసి, "చేతులు చూపించండి బావూ" అంది.

బావ కుడి చెయ్యి చాచాడు.

"రెండూనండి. రెండు జబ్బలకీ చెయ్యాల. మళ్లీ 3, 7, 28 రోజులకి రావాల."

"ఒక చెయ్యి చాలదా అమ్మా?"

చాలదంది. అప్పటిదాకా గుండెకి ఆనించుకునే ఉన్న పాల ప్యాకెట్లు నా చేతిలో పెట్టి, బావ రెండో చొక్కా చెయ్యి కూడా పైకి మడిచాడు.